బారెడు మీసం... అంగుళం రొయ్య!

మీసం మెలేసి గొప్పలు పోయేవాళ్లని చూస్తే 'రొయ్యకి లేదా బారెడు మీసం' అని ఎకసెక్కమాడటం మన పెద్దవాళ్లకి అలవాటు. రొయ్యంటే మనకి అంత అలుసు మరి! కోస్తాలో అది చెరువుల్లో పండే పంట. మిగతాచోట్ల ఆదివారం పూట వేపుడు. అలాంటి రొయ్యని గాజుతొట్టెలో పెట్టుకుని, దానికోసం పాలకూర ఉడకబెట్టేవాళ్లూ ఉన్నారంటే నవ్వొస్తుందా? ఒక్కసారి ఆ తొట్టి ముందు పావుగంట కూర్చోండి. తర్వాత లేవమన్నా లేవరు.

ఇది కూరలోకి పనికొచ్చే రకం కాదు. పూర్తిగా ఎదిగినా అంగుళం పైచిలుకే. మంచినీళ్లలోనే పుట్టి మంచినీళ్లలోనే పెరిగే మరుగుజ్జు రొయ్య. ఎర్రగా, పసుప్పచ్చగా, నీలంగా రకరకాల రంగుల్లో ఉంటుంది. దీనికి ఖాళీగా ఉండటం తెలీదు. ముందుకాళ్ల చివర ఉండే బుల్లి పటకార్లతో ఆకు మీదా రాయి మీదా ఏదో ఒకటి గిల్లి నోట్లో వేసుకుంటూనే ఉంటుంది. తిండి కోసం అరవదు, ఇల్లు పాడుచేయదు, ఊరెళ్తే ఎవరికి అప్పగించాలా అన్న బెంగా ఉండదు.

మరి చిక్కెక్కడ? 'ముచ్చటపడి తెచ్చుకున్నాం, వారం తిరక్కుండానే ఒక్కొక్కటీ పోయాయి' అన్నమాట తరచూ వినిపిస్తుంటుంది. దుకాణంవాడు మోసం చేశాడనుకుంటారు. జబ్బు రొయ్యలు అనుకుంటారు. చాలాసార్లు అసలు సంగతి వేరే. రొయ్యలు బాగానే ఉంటాయి, నీళ్లే ఇంకా సిద్ధమై ఉండవు. రొయ్యల్ని పెంచాలనుకునేవాళ్లు ముందు పెంచాల్సింది నీటిని. అదొక్కటీ వచ్చిందా, మిగతా పనంతా అవే చూసుకుంటాయి.

ఎవరీ 'చెర్రీ'?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి తగినది 'రెడ్ చెర్రీ' రొయ్య. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. చైనా, తైవాన్ ప్రాంతాల వాగులూ కుంటలూ దీని పుట్టిల్లు. అక్కడ సహజంగా దొరికే రొయ్య ఇంత ఎర్రగా ఉండదు. మట్టిరంగులోనో, గాజులా పారదర్శకంగానో ఉంటుంది. వాటిలో కాస్త ఎరుపు తేలినవాటిని ఏరి, తరతరాలుగా జతకట్టిస్తూ పోతే వచ్చినవే ఈ రంగులన్నీ. 'డేవిడి' అన్నది ఫ్రెంచి మతప్రచారకుడు అర్మాండ్ డేవిడ్ పేరు. చైనాలో జంతువుల్నీ మొక్కల్నీ సేకరించిన ఈయనే 1869లో పాండాని పాశ్చాత్య శాస్త్రవేత్తలకు పరిచయం చేశాడు. అంత పెద్ద పాండాతోనూ ఇంత చిన్న రొయ్యతోనూ ఆయన పేరు ముడిపడి ఉండటం తమాషాయే.

ఇంకా రెండు రకాల పేర్లు దుకాణాల్లో వినిపిస్తాయి. ఒకటి 'అమానో' రొయ్య. జపాన్‌కి చెందిన తకాషి అమానో (1954-2015) నీటిమొక్కలతో తొట్టెల్ని అడవుల్లా తీర్చిదిద్దడంలో దిట్ట. నాచుని తినేస్తుందని 1980ల్లో ఈ రొయ్యని వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఇది రెండంగుళాల దాకా పెరుగుతుంది. కాకపోతే దీని పిల్లలు బతకాలంటే ఉప్పునీళ్లు కావాలి. కాబట్టి ఇంట్లో సంతతి పెరగదు. రెండోది ఎరుపూ తెలుపూ చారల 'క్రిస్టల్ రెడ్'. చూడటానికి మిఠాయిలా ముద్దొస్తుంది కానీ చల్లటి, మెత్తటి నీళ్లుంటేనే బతుకుతుంది. మన ఎండలకి తట్టుకోవడం కష్టం. చేయి తిరిగాక చూసుకోవచ్చు.

ముందు నీళ్లు... తర్వాతే రొయ్యలు

ముప్ఫై లీటర్ల తొట్టి చాలు. మరీ చిన్న గాజు గిన్నెలు వద్దు. నీళ్లు తక్కువైనకొద్దీ వేడీ మురికీ త్వరగా పెరుగుతాయి. అడుగున సన్నటి ఇసుకో, గులకరాళ్లో రెండంగుళాల మందాన పరవండి. ఒక ఎయిర్ పంపు, దానికో స్పాంజి ఫిల్టరు. మోటారు ఫిల్టర్లు రొయ్యపిల్లల్ని లోపలికి లాగేసుకుంటాయి. స్పాంజితో ఆ భయం లేదు. పైగా దాని మీద పేరుకునేది ఆ పిల్లలకి తిండి కూడా. దాంతోపాటు గుప్పెడు జావా మాస్. ఇది పెద్దగా వెలుతురు అడగని నాచుమొక్క. పిల్లలు దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

అంతా అమర్చి నీళ్లు నింపారు. ఇక ఆగండి! ఒకరోజో రెండు రోజులో కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు.

ఎందుకంటే... నీళ్లలో ఏ జీవి ఉన్నా దాని విసర్జన నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. తొట్టెలో ఒకరకం బ్యాక్టీరియా పెరిగి ఈ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం బ్యాక్టీరియా వచ్చి ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్దిగా ఉంటే ప్రమాదం లేదు. కొంత మొక్కలు తినేస్తాయి, కొంత మనం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా స్పాంజిలోనూ ఇసుకలోనూ తగినంత పెరగడానికే అన్ని వారాలు పడుతుంది. పెరుగు తోడుకోవడానికి రాత్రంతా ఆగుతాం కదా. ఇదీ అంతే, కాకపోతే ఈ తోడు కాస్త నెమ్మది.

ఈ బ్యాక్టీరియాకీ తిండి కావాలి. ఖాళీ తొట్టెలోనే రెండు రోజులకోసారి చిటికెడు చేపల మేత వేస్తుండండి. అక్వేరియం దుకాణాల్లో నీటిని పరీక్షించే కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం లోపు అని తేలిన రోజే రొయ్యలకి ముహూర్తం. ఈలోగా రాళ్ల మీదా గాజు మీదా చేతికి జారుడుగా తగిలే పలచటి పొర ఒకటి ఏర్పడుతుంది. దాన్ని తోమేయకండి. రొయ్యపిల్లలకి మొదటి అన్నప్రాశన దాంతోనే!

కుళాయా, బోరా, ఆర్వోనా?

మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది రొయ్యలకీ పనికిరాదు, మనం పెంచుకున్న బ్యాక్టీరియాకీ పనికిరాదు. బకెట్‌లో పట్టి ఒకరోజు గాలి తగిలేలా ఉంచినా, దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసినా సరిపోతుంది.

వంటింట్లో ఆర్వో ఉంది కాబట్టి ఆ నీళ్లే పోసేద్దాం అనుకోకండి. రొయ్య పెంకు గట్టిపడాలంటే కాల్షియం, మెగ్నీషియం కావాలి. ఆర్వో వాటిని చాలావరకు తీసేస్తుంది. వట్టి ఆర్వో నీళ్లలో రొయ్యలు పెంకు విడిచే సమయంలో చచ్చిపోతాయి. అలాగని తెల్లటి పొరలు కట్టేంత ఉప్పదనం ఉన్న బోరునీళ్లూ వద్దు. చాలామందికి కుదిరే మార్గం ఈ రెంటినీ కలపడం. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 150-300 మధ్య ఉండేలా కలుపుకుంటే చెర్రీలకి హాయి. పీహెచ్ 6.5 నుంచి 7.8 దాకా ఎంతున్నా సర్దుకుపోతాయి. అంకె కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు కానీ ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి కాకూడదు.

కొత్త నీళ్లకి అలవాటు పడటంలోనూ ఇదే సూత్రం. దుకాణం నుంచి తెచ్చిన సంచీని ఒక్కసారిగా తొట్టెలో గుమ్మరించకండి. రొయ్యల్ని వాటి నీళ్లతో సహా ఒక గిన్నెలోకి తీసుకోండి. సన్నటి ఎయిర్ గొట్టానికి వదులుగా ముడివేసి, తొట్టిలోని నీళ్లు సెకనుకి రెండు చుక్కల చొప్పున గిన్నెలో పడేలా పెట్టండి. గంటా రెండు గంటల్లో గిన్నెలో నీళ్లు రెండుమూడింతలవుతాయి. అప్పుడు వలగరిటెతో రొయ్యల్ని మాత్రమే ఎత్తి తొట్టెలోకి వదలండి. మొదట పదో పదిహేనో చాలు.

పెట్టేది తక్కువ, తీసేది ఎక్కువ

రొయ్యలకి తిండి పెట్టడంలో మన ప్రేమే వాటికి శత్రువు. తొట్టెలోని పొరా నాచూ వాటికి సగం తిండి. పైనుంచి వారానికి రెండుమూడుసార్లు చిటికెడు మేత చాలు. పాలకూర ఆకునో, కీరదోస చక్రాన్నో వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చల్లార్చి వేసి చూడండి. అన్నీ చుట్టూ చేరి పంక్తిభోజనాలకి కూర్చుంటాయి. మూడు నాలుగు గంటల తర్వాత మిగిలినదాన్ని మర్చిపోకుండా తీసేయాలి. ఆకుకూరల మీద పురుగుమందు ఉంటుంది కాబట్టి ముందే బాగా కడగాలి. పెరట్లో పండించిందైతే మరీ మంచిది.

డబ్బు ఖర్చు లేని విందు ఇంకొకటుంది... బాదం ఆకు. మన ఇళ్ల ముందూ బడి ఆవరణల్లోనూ గొడుగులా పరుచుకునే బాదంచెట్టు ఆకే. ఎండి రాలిన ఎర్రటాకుని ఏరుకొచ్చి, కడిగి, వేడినీళ్లలో నానబెట్టి తొట్టెలో వేయండి. నీళ్లు కాస్త తేనీటి రంగుకి తిరుగుతాయి, భయం లేదు. ఆకు మెత్తబడేకొద్దీ దాని మీద పెరిగే సూక్ష్మజీవుల్ని రొయ్యలు తింటాయి. నెలరోజులకి చూస్తే ఈనెలు మాత్రమే మిగిలి, వలలా కనిపిస్తుంది. రోడ్డు దుమ్మూ మందుల పిచికారీ తగలని చెట్టుదే ఏరుకోవాలి సుమా!

వారానికోసారి పదిశాతం నీళ్లు తీసి, అదే వేడిలో ఉన్న కొత్తనీళ్లు మెల్లగా పోయండి. స్పాంజి మురికిపడితే తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద పెట్టి తోమితే ఆరువారాల తపస్సూ కాలవలో కలిసినట్టే.

పెంకు విడిస్తే కంగారొద్దు

ఒకరోజు పొద్దున్నే తొట్టె అడుగున రొయ్య ఆకారంలో ఏదో పడి ఉంటుంది. పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. దగ్గరగా చూడండి. గాజులా పారదర్శకంగా, లోపల బోలుగా ఉంటే అది విడిచిన పెంకు. ఒళ్లు పెరిగేకొద్దీ పాత చొక్కా విప్పేసినట్టు రొయ్య పెంకుని విడిచేస్తుంది. కొత్తది గట్టిపడేదాకా మాస్‌లో దాక్కుంటుంది. విడిచిన పెంకుని తీసేయకండి. దాన్నే తిని అందులోని ఖనిజాల్ని మళ్లీ ఒంటబట్టించుకుంటాయి.

చచ్చిపోయిన రొయ్య మాత్రం పారదర్శకంగా ఉండదు. ఉడికించినట్టు గులాబిరంగుకి తిరుగుతుంది. దాన్ని వెంటనే తీసేయాలి.

రాగి బిందె... దోమల మందు

ఎన్నో ఇళ్లలో రాగి బిందెలో నీళ్లు తాగే అలవాటుంది. రొయ్యల విషయంలో ఆ బిందె జోలికి పోవద్దు. విచిత్రమేంటంటే రొయ్య రక్తంలో ప్రాణవాయువుని మోసేది రాగి ఉన్న పదార్థమే. మనకి ఇనుమెలాగో దానికి రాగి అలాగ. కానీ నీళ్లలో రాగి కాస్త మోతాదు మించితే అదే ప్రాణం తీస్తుంది. చేపల జబ్బులకి వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. చేపలకి పనిచేసింది కదాని వీటి తొట్టెలో పోస్తే ఒక్కటీ మిగలదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం సాయంత్రమైతే మనం పెట్టుకునే దోమల మందు. రొయ్యలూ పురుగులూ దూరపు చుట్టాలు. దోమని చంపే మందు రొయ్యనీ చంపుతుంది. పైగా ఎయిర్ పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకే పంపుతుంది. కాబట్టి తొట్టి ఉన్న గదిలో దోమల చక్రాలు, లిక్విడ్లు, బొద్దింకల స్ప్రేలు వద్దు. దోమతెర కట్టుకోండి, కిటికీలకి జాలీ వేయించండి. చీమల చాక్‌పీసు పట్టుకున్న చేతిని తొట్టెలో పెట్టకండి. కొత్తగా కొన్న నీటిమొక్క మీదా పురుగుమందు ఉండొచ్చు. దాన్ని వేరే బకెట్‌లో నీళ్లు మారుస్తూ రెండు వారాలు ఉంచాకే లోపలికి రానివ్వండి.

ఎండాకాలం గండం

చెర్రీలకి 20 నుంచి 26 డిగ్రీలు సుఖం. 28 దాకా ఓర్చుకుంటాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే కష్టం. వేడెక్కేకొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మే నెలలో మన ఇళ్లలో గాలే 35 డిగ్రీలుంటే నీళ్ల సంగతి చెప్పాలా?

తొట్టిని ఇంట్లోకెల్లా చల్లటి గదిలో, ఎండ పడని గోడ వారన పెట్టండి. మూత తీసి, వల కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీద తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. అయితే ఎయిర్ కూలర్ హైదరాబాద్‌లో పనిచేసినట్టు విశాఖలో పనిచేయదు కదా. ఈ ఫ్యాను చిట్కా కూడా అంతే, గాలిలో ఉక్క ఎక్కువైతే ఫలితం తక్కువ. అలాంటిచోట ఏసీ ఉన్న గదే గతి. ఐసుగడ్డలు వేయడం మాత్రం వద్దు. ఒక్కసారిగా చల్లబడి మళ్లీ వేడెక్కడం నిలకడైన వేడికన్నా చేటు.

ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని లవణాలు మాత్రం తొట్టెలోనే ఉండిపోతాయి. కాబట్టి తగ్గిన నీటిని భర్తీ చేయడానికి మాత్రం ఆర్వో నీళ్లే వాడాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

ఇంటినిండా పిల్లలు

ఇవన్నీ కుదిరితే రెండు మూడు నెలల్లో అసలు సంబరం మొదలవుతుంది. మగదానికన్నా ఆడది పెద్దగా, ముదురు రంగులో ఉంటుంది. దాని వీపు మీద పసుపుపచ్చటి మచ్చ జీనులా కనిపిస్తే లోపల గుడ్లు తయారవుతున్నాయన్నమాట. పెంకు విడవగానే అది నీళ్లలోకి ఒక వాసన వదులుతుంది. ఆ కబురందిన మగవన్నీ తొట్టెంతా గిరగిరా ఈదేస్తాయి. తర్వాత గుడ్లు పొట్ట కిందికి చేరతాయి. ఇరవై ముప్ఫై ఉంటాయి. తల్లి వాటిని బుల్లి కాళ్లతో విసురుతూ, గాలి తగిలేలా చూసుకుంటూ మూడు నాలుగు వారాలు మోస్తుంది. పొదిగాక బయటికొచ్చేవి అచ్చం పెద్దరొయ్యల్లాంటి పిల్లలే. నువ్వుగింజకన్నా చిన్నవి!

పిల్లలు దక్కాలంటే తొట్టెలో చేపలు ఉండకూడదు. గోల్డ్‌ఫిష్, ఏంజెల్, ఫైటర్... వీటికి రొయ్య అంటే పలహారం. గప్పీ కూడా పిల్లల్ని వదలదు. అలాగే ఎర్రవీ నీలంవీ పసుప్పచ్చవీ ఒకేచోట వేస్తే హరివిల్లు వస్తుందనుకోవద్దు. అవన్నీ ఒకే జాతి. కలిసి పిల్లల్ని కంటే కొన్ని తరాల్లో రంగులన్నీ పోయి పాత మట్టిరంగు తిరిగొస్తుంది. ఒక తొట్టి, ఒక రంగు. అదే పద్ధతి.

చెరువులో వదలకండి

తొట్టి నిండిపోతుంది. ఆడపిల్లకి సారె పంపినట్టు చుట్టాలకీ స్నేహితులకీ పంచండి. దుకాణానికి ఇవ్వండి. ఊరి చెరువులోనో, వాగులోనో మాత్రం వదలొద్దు. 'పోన్లే పాపం, బతుకుతాయి' అనుకోవడంలోనే ప్రమాదముంది. ఈ చెర్రీ రొయ్యలు జర్మనీలో విద్యుత్కేంద్రం వేడినీళ్లు కలిసే గిల్‌బాఖ్ అనే వాగులో స్థిరపడిపోయాయి. అక్వేరియాల్లో అద్దాలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప మన చెరువుల్లోకి చేరి వలలు చింపేస్తోంది. జాలర్లు దాన్ని 'దెయ్యం చేప' అంటున్నారు.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో మటానో అనే సరస్సుంది. లోతు 590 మీటర్ల దాకా ఉంటుంది. ఎర్రటి ఒంటి మీద తెల్లటి చుక్కలతో, తెల్లటి ముందుకాళ్లతో ఉండే 'కార్డినల్' రొయ్య పుట్టిల్లు అది. ప్రపంచంలో మరెక్కడా లేదు. 2009లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. పేరు పెట్టి పట్టుమని పదేళ్లు కాకముందే అది సరస్సులో కనిపించడం మానేసింది. సహజ ఆవాసంలో బహుశా అంతరించిపోయి ఉంటుందని ఇప్పుడు లెక్కగడుతున్నారు. కారణాల్లో నికెల్ గనుల కాలుష్యం ఒకటి. ఎవరో తెచ్చి వదిలిన పరాయి చేపలు మరొకటి. ఆ చేపల్లో ఫ్లవర్‌హార్న్ ఉంది. అదేనండీ, నుదుటి మీద బుడిపెతో మన ఊళ్లలో అదృష్టం తెస్తుందని, 'వాస్తు చేప' అని ఎగబడి కొన్నదే.

ఆ కార్డినల్ రొయ్యలు ఇప్పుడు దేశదేశాల్లో కొందరి ఇళ్లలో, గాజుతొట్టెల్లో బతికున్నాయి. ఆ చిన్న తొట్టెల్లో నీళ్ల పరీక్షలు చేసుకుంటూ, వేడి చూసుకుంటూ, ఓపిగ్గా సాకుతున్నవాళ్ల చలవ అది. అంత లోతైన సరస్సుని పాడుచేసిందీ మనుషులే, ముప్ఫై లీటర్ల నీళ్లలో ఆ జాతిని నిలబెట్టిందీ మనుషులే.

మీ ఇంట్లో తొట్టి పెట్టాలనుకుంటే ఈ ఆదివారం నీళ్లు నింపండి. రొయ్యల కోసం తొందరపడే పిల్లల చేతికి పరీక్ష కిట్టు ఇచ్చి, వారంవారం అంకెలు గోడ మీది క్యాలెండరులో రాయమనండి. అమ్మోనియా గడిలో సున్నా, దాని పక్కనే నైట్రైట్ గడిలోనూ సున్నా పడిన రోజు... అందరూ కలిసి దుకాణానికి వెళ్లండి.